స్టేజ్ ఫ్రైట్: మొదట్లో చూపించిన అబద్ధం మోసమా, కాదా?

మీరు ఒంగోలు నుంచి అడిగిన ప్రశ్న రెండు భాగాలుగా ఉంది. మీ మిత్రబృందం ఆల్ఫ్రెడ్ హిచ్‌కాక్ 1950లో తీసిన ‘స్టేజ్ ఫ్రైట్’ సినిమా చూసిందనీ, చూసి లేచేసరికి సగం మంది ‘దర్శకుడు మనల్ని మోసం చేశాడు’ అని కోపగించుకున్నారనీ, మిగతా సగం మంది ‘హత్య కథలో అది చెల్లుతుంది’ అని వాదించారనీ రాశారు. ఇందులో ఎవరి మాట సరైనది అన్నది మొదటి ప్రశ్న. ఈ కథను మన పరిషత్తు పోటీలకు నాటికగా మలచవచ్చునా, మలిస్తే ఆ అబద్ధపు ఘట్టాన్ని రంగం మీద ఎలా చూపాలి అన్నది రెండోది. నెల్లూరులో ముప్పై ఏళ్లకు పైగా నాటికలు ఆడిస్తున్నవాడిగా, ఈ సినిమాను పదిసార్లకు తక్కువ కాకుండా చూసినవాడిగా నా అభిప్రాయం చెబుతాను. హంతకుడెవరో చెప్పకుండా ఈ విషయం మాట్లాడటం సాధ్యం కాదు. కాబట్టి సినిమా ఇంకా చూడనివారు చూసి వచ్చిన తరువాతనే ఇది చదవాలని కోరుతున్నాను.

కథ చూడనివారి కోసం కాదు, వాదన సాగడం కోసం నాలుగు మాటల్లో గుర్తు చేస్తాను. లండన్‌లో నటన నేర్చుకుంటున్న ఈవ్ గిల్ అనే అమ్మాయి తాను ప్రేమిస్తున్న జోనథన్ కూపర్‌ను కారులో ఎక్కించుకుని పోలీసులకు దొరక్కుండా పారిపోతుంటుంది. దారిలో జోనథన్ జరిగినదంతా చెబుతాడు. ప్రసిద్ధ రంగస్థల గాయని షార్లెట్ ఇన్‌వుడ్ తన భర్తను చంపి రక్తం అంటిన గౌనుతో తన దగ్గరకు వచ్చిందనీ, ఆమె కోసం వేరే గౌను తేవడానికి ఆ ఇంటికి వెళ్లినప్పుడు పనిమనిషి నెల్లీ తనను చూసిందనీ, అందుకే నేరం తన మీదికి వచ్చిందనీ అతని కథ. అతను చెప్పేదంతా మనకు తెర మీద బొమ్మగా కనిపిస్తుంది. ఈవ్ నమ్ముతుంది, మనమూ నమ్ముతాము. నెల్లీకి డబ్బిచ్చి, ఆమె స్థానంలో షార్లెట్ దగ్గర పనిమనిషి వేషంలో చేరి ఈవ్ చేసే పరిశోధనే మిగతా సినిమా. చివరికి తేలేదేమంటే, చంపినవాడు జోనథనే. మనం కళ్లారా చూసిన ఆ మొదటి ఘట్టం అతను అల్లిన అబద్ధం.

కోపగించుకున్న మీ మిత్రులు ఒంటరివారు కారు. సినిమా వచ్చిన నాటి నుంచి ఈ ఫిర్యాదు ఉంది. ఫ్రెంచి దర్శకుడు ఫ్రాన్సువా త్రుఫో 1962లో మొదలుపెట్టి 1966లో పుస్తకంగా తెచ్చిన సుదీర్ఘ సంభాషణలో హిచ్‌కాక్ తానే ఆ అబద్ధపు ఫ్లాష్‌బ్యాక్ తాను చేయకూడని పని అని ఒప్పుకున్నాడు. పెద్దాయనే తప్పు ఒప్పుకున్నాక ఇక వాదన ఏముందని చాలామంది అక్కడితో ఆగిపోతారు. నేను ఆగను. దర్శకుడు తన పని గురించి చెప్పిన మాట కూడా ఒక అభిప్రాయమే గాని తీర్పు కాదు. హిచ్‌కాక్ చెప్పిన చోట తప్పు లేదనీ, తప్పు ఇంకొక చోట ఉందనీ నా గట్టి నమ్మకం.

ముందు, ఆ అబద్ధం ఎవరిది? దర్శకుడిది కాదు, జోనథన్‌ది. ఆ దృశ్యం మొదలవడానికి ముందు అతను ఈవ్ పక్కన కూర్చుని నోరు విప్పి చెబుతున్నాడు. ఒక మనిషి చెబుతున్న మాటలకు బొమ్మ కట్టారు, అంతే. అతను నోటితో మాత్రమే చెప్పి ఉంటే మనం సహజంగానే ‘నిజమో కాదో’ అనుకునేవాళ్లం. బొమ్మ కనిపించేసరికి అనుమానించడం మరచిపోయాము. ఆ మరపు మనది. అదే 1950వ సంవత్సరంలో జపాన్‌లో అకిర కురొసావా ‘రషోమన్’ తీశాడు. అందులో ఒకే చావును నలుగురు నాలుగు రకాలుగా చెబుతారు, నాలుగూ తెర మీద కనిపిస్తాయి. అన్నీ ఒకేసారి నిజం కాలేవు. ఆ సినిమాను ఎవరూ మోసమని అనలేదు, సత్యం గురించిన గొప్ప ఆలోచన అన్నారు. నలుగురు అబద్ధమాడితే తత్వమూ, ఒక్కడు ఆడితే మోసమూ అనడం నాకు న్యాయంగా తోచదు.

పైగా హిచ్‌కాక్ మనకు హెచ్చరికలు ఇవ్వకపోలేదు. సినిమా మొదటి దృశ్యమే ఒక నాటకశాల తెర లేవడం. తెర పైకి లేస్తే వెనక కనిపించేది అసలైన లండన్ నగరం. అంటే ఇకమీదట మీరు చూసేదంతా నటన అని మొదటి నిమిషంలోనే చెప్పేశాడు. అబద్ధపు ఘట్టంలో జోనథన్ షార్లెట్ ఇంట్లోకి వెళ్లేటప్పుడు జాగ్రత్తగా చూడండి. అతను వెనక్కి చెయ్యి చాపి తలుపు మూసినట్టు అభినయిస్తాడు, మూసుకున్న చప్పుడు కూడా మనకు వినిపిస్తుంది. అయినా కెమెరా ఏ అడ్డూ లేకుండా అతని వెనకే లోపలికి పోతుంది. కెమెరా కదలిక కోసం చేసిన ఏర్పాటే అయి ఉండవచ్చు. కాని రంగస్థలం మీద లేని తలుపును చేతులతో మూసి, లోపలి నుంచి చప్పుడు చేయించడం మనం రోజూ చేసే పని కదా. ఆ ఘట్టమంతా నటన అని చెప్పడానికి నాకు అంతకన్నా మంచి గుర్తు అక్కరలేదు.

అన్నిటికన్నా పెద్ద ఆధారం రక్తపు మరక. ఇక్కడ కొంచెం ఆగుతాను, ఎందుకంటే ఈ సినిమాలో నాకు అత్యంత ఇష్టమైన చోటు ఇదే. ఈవ్ తండ్రి కమడోర్ గిల్ పాత్రను అలస్టేర్ సిమ్ వేశాడు. సముద్రపు ఒడ్డున ఇల్లు, అప్పుడప్పుడు దొంగసరుకు దించుకునే చిలిపి పెద్దమనిషి. కూతురు తెచ్చిన కుర్రవాడి కథ విన్నాక ఆయన గౌను చేతికి తీసుకుని మరకను చూస్తాడు. అది చిందిన మరక కాదనీ, ఎవరో కావాలని పులిమినదనీ పసిగట్టి ఆ మాట బయటికి అంటాడు. వెంటనే జోనథన్ ఆ గౌనును లాక్కుని మంటలో పడేస్తాడు. షార్లెట్ తనను కావాలని ఇరికించిందన్న ఆవేశంతో కాల్చాడని ఈవ్ అనుకుంటుంది, మనమూ అలాగే అనుకుంటాము. నిజానికి ఆ క్షణంలోనే కేసు తేలిపోయింది. నిర్దోషి ఎవరైనా తనను కాపాడగల ఒకే ఒక్క సాక్ష్యాన్ని తన చేత్తో కాలుస్తాడా?

ఈ మరక విషయం నాకు ఎందుకింత పట్టిందంటే, మా నాటికల్లో ఒకసారి ఇదే జరిగింది. నెల్లూరు పురమందిరంలో ఒక హత్య నాటిక ఆడుతున్నాము. కత్తిపోటు తిన్న పాత్రకు చొక్కా సిద్ధం చేయమని ఒక కొత్త కుర్రవాడికి చెబితే, అతను ఎర్రరంగులో కుంకుమ కలిపి అరచేత్తో ఛాతీ మీద అద్ది తెచ్చాడు. గ్రీన్‌రూమ్‌లో మా మేకప్ పెద్దాయన దాన్ని లైటు కింద పట్టుకుని చూసి, ‘అదేంది సామీ, ఇది కారిన నెత్తురు కాదే, పూసిన నెత్తురు. కారింది కిందికి పోతది, పూసింది పక్కకు పోతది. ముందు వరసలో కూర్చున్నోడికి తెలవదా?’ అన్నాడు. ఆ చొక్కా పక్కన పడేసి, ఇంకొక చొక్కా కుర్రవాడికే తొడిగించి, నిలబెట్టి, రంగు మెడ కింద నుంచి బొట్లుబొట్లుగా వదిలాడు. అంచులు పలచగా, అడుగున చిక్కగా మరక కట్టింది. ఆ రాత్రి నేను నేర్చుకున్నదే కమడోర్ గిల్‌కు ఎప్పుడో తెలుసు. నాటకం వాళ్లకు మాత్రమే పట్టుబడే ఆధారాన్ని నాటకరంగపు హత్య కథలో పెట్టడం చిన్న విషయం కాదు.

అందుకని మొదటి ప్రశ్నకు నా జవాబు స్పష్టం: అది మోసం కాదు. ఆధారాలు మన ముందే ఉన్నాయి. కాని మీ మిత్రులకు కలిగిన అసంతృప్తి మాత్రం ఉత్తది కాదు. దానికి కారణం అబద్ధం చెప్పడం కాదు, ఆ అబద్ధాన్ని చివరి దాకా దాచి ఉంచడం.

ఈ మాటను వివరించడానికి నెల్లూరువాడిగా నాకు తిక్కన దగ్గరకు పోక తప్పదు. పెన్న ఒడ్డున, మనుమసిద్ధి కొలువులో ఉన్న ఆ కవి తన భారత రచనను మొదలుపెట్టిందే విరాటపర్వంతో. అందులో ఉన్నది కూడా రంగస్థలంలో జరిగిన హత్యే. పగలు కన్నెలు నాట్యం నేర్చుకునే నర్తనశాలలో, రాత్రి చీకట్లో, భీముడు కీచకుణ్ణి చంపుతాడు. తెల్లవారేలోగా కావలివాళ్లు దివిటీలు పట్టుకుని వచ్చి, కాళ్లెక్కడ చేతులెక్కడ తెలియని ఆ మాంసపు ముద్దను చూసి నివ్వెరపోతారు. చంపినదెవరని అడిగితే గంధర్వులైన తన భర్తలని సైరంధ్రి చెబుతుంది. ఆమె కూడా దాసి వేషంలో ఉన్న మనిషే, ఈవ్ లాగానే. ఆమె చెప్పిందీ అబద్ధమే, జోనథన్ లాగానే. కాని తేడా చూడండి: ఆమె ద్రౌపది అని మనకు తెలుసు, గంధర్వులెవరో మనకు తెలుసు, విరాటుడి కొలువుకు మాత్రం తెలియదు. తెలిసి చూస్తున్నాము కాబట్టే, ఎవరైనా గుర్తుపడతారేమో, అజ్ఞాతవాసం భగ్నమవుతుందేమో అని ప్రతి పద్యానికీ గుండె దడదడలాడుతుంది. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో వనారస గోవిందరావు బృందం మొదటగా ఆడిన నాటకం కూడా కీచక వధే. కథ ముందే తెలిసిన జనం అంత రాత్రి వరకు కూర్చుని చూశారంటే, ఏమవుతుందోనన్న కుతూహలం కన్నా ఎప్పుడవుతుందోనన్న ఆరాటానికే బలం ఎక్కువని అర్థం.

హిచ్‌కాక్‌కు ఇది తెలియనిది కాదు. బల్ల కింద బాంబు ఉందని ప్రేక్షకుడికి ముందే చెప్పాలి, చెప్పకుండా పేలిస్తే వచ్చేది ఒక్క క్షణపు ఉలికిపాటే అని జీవితమంతా చెప్పినవాడు. ఈ ఒక్క సినిమాలో ఆయన తన సూత్రాన్నే పక్కన పెట్టాడు. జోనథన్ హంతకుడని మనకు సినిమా మధ్యలో తెలిసి ఉంటే, ఈవ్ అతన్ని దాచిన ప్రతి దృశ్యమూ, తన ఇంటికి చేర్చుకున్న ప్రతి క్షణమూ మన ఒంట్లో చలి పుట్టించేవి. తెలియకపోవడం వల్ల అవి సాదా దృశ్యాలుగా గడిచిపోయాయి. ఎనిమిదేళ్ల తరువాత, 1958లో ‘వెర్టిగో’ తీసినప్పుడు ఆయన రహస్యాన్ని చివరి దాకా దాచలేదు. సినిమాలో మూడో వంతు మిగిలి ఉండగానే కథానాయిక ఉత్తరం రాస్తున్న దృశ్యంలో నిజం మనకు చెప్పేశాడు. అక్కడి ఫ్లాష్‌బ్యాక్ నిజమైనది. ఆ మార్పు వెనక స్టేజ్ ఫ్రైట్ అనుభవం ఉందని ఆయన చెప్పగా నేను వినలేదు, నా ఊహ మాత్రమే. కాని రెండూ వెంటవెంటనే చూస్తే ఆ ఊహ మీకూ కలుగుతుంది.

ఇంకొక లోపం ఆయనే చెప్పాడు, దానితో నేను పూర్తిగా ఏకీభవిస్తాను. ఈ సినిమాలో చెడ్డవాళ్లు తామే భయపడుతూ ఉంటారు, ప్రతినాయకుడు ఎంత బలంగా ఉంటే సినిమా అంత బలంగా ఉంటుంది అన్నాడు. ఈవ్ వేషం సంగతి కూడా ఉంది. పనిమనిషిగా అందవిహీనంగా కనిపించవలసిన జేన్ వైమన్, పక్కన షార్లెట్ వేషం వేసిన మార్లీన్ డీట్రిక్ అంత అందంగా కనిపిస్తుంటే తాను తగ్గలేక తన మేకప్‌ను మెరుగుపరుచుకుంటూ పోయిందని హిచ్‌కాక్ బాధపడ్డాడు. డీట్రిక్ దుస్తులు పారిస్ ఫ్యాషన్ రూపకర్త క్రిస్టియన్ డియోర్‌వి. పక్కన నిలబడిన ఏ నటికైనా కష్టమే. అయినా దాసి వేషం వేసిన మనిషి దాసిలా కనిపించకపోతే కథ కుంటుతుంది. అందం దాచలేని సైరంధ్రి విషయంలో ఆ అందమే ఆపదకు మూలమై కథను నడిపింది, ఇక్కడ అది కథకు పనికిరాలేదు.

ఇక మంచి చోట్లు. తోటలో నాటకరంగం వాళ్ల ధనసహాయపు ఉత్సవం జరుగుతుంటుంది, వాన పడుతుంటుంది, షార్లెట్ గుడారంలో వేదిక మీద పాడుతుంటుంది. కమడోర్ ఒక బొమ్మ గౌను మీద రక్తపు మరక చేసి, ఒక చిన్న స్కౌట్ కుర్రవాడి చేత ఆమె ఎదురుగా పంపుతాడు. పిల్లవాడు ఆ బొమ్మను రెండు చేతులతో పైకెత్తి పట్టుకుని మెల్లగా నడిచివస్తాడు. షార్లెట్ గొంతు తడబడుతుంది, పాట ఆగిపోతుంది. ఇది షేక్‌స్పియర్ నాటకంలో హామ్లెట్ రాజు ఎదుట ఆడించిన నాటకపు ఎత్తు. దోషి ఎదుట అతని నేరాన్నే ఆడి చూపించి ముఖం చదవడం. హిచ్‌కాక్ దీన్ని 1930లో తీసిన ‘మర్డర్!’లోనే వాడాడు. అందులో సర్ జాన్ అనే నటుడు, జ్యూరీ సభ్యుడిగా తాను శిక్షకు ఒప్పుకున్న అమ్మాయి నిర్దోషి అని నమ్మి, అసలు హంతకుడిని పిలిచి ఆ హత్య మీద రాసిన నాటకపు పాత్రను చదివిస్తాడు. అక్కడ ఎత్తు నిజమైన హంతకుడి మీద పనిచేసింది. ఇక్కడ షార్లెట్ తడబడింది గాని చంపింది ఆమె కాదు, చంపించిన పాపంలో భాగస్తురాలు. అదే ఎత్తును తప్పు మనిషి మీద ప్రయోగించి, అది కూడా పనిచేసినట్టే చూపడం ఎంత లోతైన ఆలోచనో మీ మిత్రులు మరొకసారి గమనించాలి. ముఖం కూడా పూర్తి సాక్ష్యం కాదు.

మరొకటి చివరి ఘట్టం. వేదిక కింద సామాన్ల గదిలో పాత గుర్రబ్బండి ఒకటి ఉంటుంది, నాటకాల్లో వాడేది. ఈవ్, జోనథన్ అందులో నక్కి కూర్చుంటారు. చీకటి. ఒక సన్నటి వెలుగుపట్టీ మాత్రం ఇద్దరి కళ్ల మీద పడుతుంటుంది. అతనే చంపాడని ఆమెకు తెలిసేది అక్కడే. ఇంకొక హత్య కూడా చేస్తే పిచ్చివాడినని కోర్టులో చెప్పుకోవచ్చునని అతను ఆమెతోనే అంటాడు. ఆమె కళ్లలో భయం నిండుతుంది, కాని గొంతు మారదు. సినిమా అంతా వేషాలు వేసి తడబడిన ఆ అమ్మాయి నిజంగా నటి అయ్యేది ఆ నిమిషంలో. అతని చేతులు పట్టుకుని, పారిపోవడానికి దారి చూపిస్తున్నట్టు నటించి, బయటికి రప్పించి, తలుపు మూసి కేక వేస్తుంది.

తరువాత జోనథన్ వేదిక మీదికి పరుగెత్తడం, ఇనుప తెర దిగి అతన్ని బలిగొనడం మీకు తెలుసు. మీ బృందంలో కొందరికి ఆ తెర ఏమిటో అర్థం కాలేదని రాశారు. మన వేదికల మీద ఉండేది గుడ్డతెర. పాశ్చాత్య నాటకశాలల్లో, వేదిక మీద నిప్పు అంటుకుంటే ప్రేక్షకుల వైపుకు రాకుండా ఆపడానికి ఇనుముతో చేసిన బరువైన అగ్నిరక్షణ తెర ఒకటి ఉంటుంది. లండన్ డ్రూరీలేన్ నాటకశాలలో 1794లోనే అలాంటిది పెట్టారు. 1887లో ఎక్సెటర్ నాటకశాల తగలబడి 186 మంది చనిపోయాక ఇంగ్లండులో భద్రత నియమాలు గట్టిపడ్డాయి. ప్రేక్షకుల ప్రాణం కాపాడటానికి ఉన్న ఆ తెరే సినిమా మొదట్లో లేచి కథను ప్రారంభించింది, చివర దిగి హంతకుణ్ణి చంపింది. ఈ రెండింటినీ కలిపి చూడకపోతే సినిమా సగమే చూసినట్టు.

ఇక మీ నాటిక. సినిమాకు మూలం సెల్విన్ జెప్సన్ 1947లో రాసిన ‘మ్యాన్ రన్నింగ్’ నవల. మన చట్టం ప్రకారం రచయిత చనిపోయిన తరువాత 60 ఏళ్ల వరకు హక్కులుంటాయి, ఈయన విషయంలో ఆ గడువు తీరలేదు. కాబట్టి కథను యథాతథంగా తీసుకోకుండా, అబద్ధం చెప్పే మనిషి, అతన్ని నమ్మే అమ్మాయి, పులిమిన మరక అనే మూడు ఆలోచనలను మాత్రం మీ సొంత కథలో నాటుకోండి. మన దగ్గర నాటక సమాజం ఒకటుంది, హార్మోనిస్టు ఉన్నాడు, పద్యం పాడే ప్రధాన నటి ఉంది, ఆమె చుట్టూ అసూయలున్నాయి, పరిషత్తు బహుమతుల గొడవలున్నాయి. లండన్‌ను అరువు తెచ్చుకోవలసిన పని లేదు.

అబద్ధపు ఘట్టాన్ని రంగం మీద ఆడించేటప్పుడు, చెప్పేవాడు ఆ ఘట్టం పొడవునా వేదిక మీదనే ఉండాలి. సాధారణంగా మన వాళ్లు ఫ్లాష్‌బ్యాక్ అనగానే నీలి లైటు వేసి, చెప్పేవాణ్ణి వింగ్‌లోకి పంపేస్తారు. అప్పుడు ఆ ఘట్టం ఎవరిదీ కాని నిజంగా మారిపోతుంది, మీ మిత్రులు సినిమా మీద వేసిన నింద మీ మీద పడుతుంది. అతన్ని కుడి పక్క చిన్న వెలుగులో కూర్చోబెట్టండి. ఎడమ పక్క జరుగుతున్న దృశ్యంలో, అతను చూడని చోట ఎవరూ ఒక్క మాట కూడా మాట్లాడకూడదు. అతను గదిలోకి రాకముందు ఆ గదిలో ఉన్నవాళ్లు కదలకుండా నిలబడాలి. శ్రద్ధగా చూసే ప్రేక్షకుడికి అది చాలు.

అబద్ధాన్ని చివరి దాకా దాచకండి. నాటిక నడిమిలో, అమ్మాయి వేదిక మీద లేనప్పుడు, మీ కమడోర్ లాంటి పాత్ర ఎవరైనా, మేకప్ పెద్దాయనే అయితే మరీ మంచిది, ఆ బట్టను లైటు కిందికి తెచ్చి, మరక పక్కకు పోయిందని పైకి అనాలి. ఆ తరువాత అమ్మాయి లోపలికి వచ్చి, అబద్ధం చెప్పినవాడికి అన్నం వడ్డించాలి. ఆ వడ్డన ఎంత నిదానంగా జరిగితే అంత మంచిది. బట్ట మాత్రం ప్రదర్శనకు ముందు రోజే సిద్ధం చేసుకుని, అరచేత్తోనే పులిమించండి. మీ కుర్రవాళ్లలో ఎవరో ఒకరు అలవాటు కొద్దీ రంగును పై నుంచి బొట్లుబొట్లుగా వదులుతారు. అలా వదిలితే మీ నాటికకు ఆధారమే లేకుండా పోతుంది.